మగ్రిబ్ లేని మైదానం

మేము ముగ్గురం ఒక తల్లి బిడ్డలం. పెద్దవాడు జనగామలో ఉపాధ్యాయుడు. నడిపివాడు మానుకోటలో, అనగా ఇప్పటి మహబూబాబాద్‌లో, అబ్బాజాన్ వదిలివెళ్ళిన ఇంట్లోనే ఉంటూ ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. చెల్లెలు భూపాలపల్లిలో సింగరేణి కార్మికుని ఇల్లాలు. ఈ వ్యాసం ముగ్గురం కలిసి కూర్చుని రాస్తున్నాం. ఒకరి తప్పు మరొకరు రాస్తే నింద అవుతుందనీ, ముగ్గురూ కలిసి రాస్తే ఒప్పుకోలు అవుతుందనీ అమ్మీజాన్ అన్నారు. అందువలన ఇందులో ‘మేము’ అన్న చోటల్లా ముగ్గురమూ ఉన్నామని పాఠకులు గ్రహించగలరు.

మేము పుట్టి పెరిగిన నాటికి ఈ మూడు ఊళ్ళూ ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అంతకు నెల రోజుల ముందే, సెప్టెంబరు 5న, జియో సేవలు మొదలై, అంతవరకు పొదుపుగా వాడుకున్న ఇంటర్నెట్టు మా వీధులలో నీళ్ళవలె పారసాగింది. జిల్లాలు విడిపోయినందువలన మాకు కలిగిన నష్టమేమీ లేదు. మనసులు విడిపోవడం మాత్రం 2019లో జరిగింది. ఆ ఏడాది అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇంటి పంపకం దగ్గర మాట పెరిగింది. షరీఅత్ ప్రకారం ఆడబిడ్డకు రావలసిన వాటాను అన్నలిద్దరూ ‘ఇప్పుడు కాదు, తరువాత చూద్దాం’ అని వాయిదా వేశారు. చెల్లెలు అలిగి వెళ్ళిపోయింది. ఆ వాయిదా ఎవరి వలన జరిగిందన్న విషయమై అన్నదమ్ముల మధ్య కూడా మాటలు నిలిచిపోయాయి. ఐదు వేళలా నమాజు చేసే ఇళ్ళు మావి. బంధుత్వాన్ని తెంచుకోవడం ఎంతటి పాపమో జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. విని ఇంటికి వచ్చి, ఒకరి నంబరు మరొకరు చూడకుండా నాలుగేళ్ళు గడిపాం.

మా పిల్లలు ముగ్గురు. జనగామలో పెద్దవాని కొడుకు, మానుకోటలో నడిపివాని కొడుకు, భూపాలపల్లిలో చెల్లెలి కూతురు. ఒక్కొక్క ఏడాది తేడాతో పుట్టినవారు. అబ్బాజాన్ ఉన్నప్పుడు వేసవి వస్తే ముగ్గురూ మానుకోట ఇంటి వాకిట్లోనే ఉండేవారు. పెద్దల మాటలు ఆగిపోగానే ఆ వేసవులు కూడా ఆగిపోయాయి. పిల్లలు దాని గురించి మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. వారు మరచిపోయారని మేము అనుకున్నాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతబడ్డాయి. చదువు ఫోనులోకి వచ్చింది. మా మూడు ఇళ్ళలోనూ పిల్లల పాఠాల కొరకని కొత్త ఫోన్లు కొన్నాం. ఆ ఏడాది సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళలో ప్రభుత్వ బడుల పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. మరునాడే, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. ఆ వార్త చదివి పీడ విరగడైందని సంతోషించాం. ఒక ఆట పోతే అదే తీరు ఆటలు మరికొన్ని సిద్ధంగా ఉంటాయని మాకు అప్పుడు తోచలేదు. మా పిల్లలు ఆడినది అటువంటిదే ఒక ఆట. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్ని పదుల మంది ఒక దీవి మీద దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. నిలబడే చోటు నిమిషనిమిషానికి కుంచించుకుపోతూ ఉంటుంది. చివరికి మిగిలిన జట్టుదే గెలుపు.

2024లో రంజాను మాసం మార్చి 12న మొదలైంది. 18వ తేదీ నుండి పదో తరగతి పరీక్షలు. తరావీహ్ నమాజు ముగించుకుని వచ్చి నడిపివాని కొడుకు తన గదిలో దీపం వెలిగించుకుని సహ్రీ వరకు మేలుకుని ఉండేవాడు. ‘బిడ్డ పరీక్షలకు చదువుతున్నాడు, నడుమ తహజ్జుద్ కూడా చేస్తున్నాడు’ అని అమ్మీజాన్ పక్కింటివారితో చెప్పుకుని మురిసిపోయేవారు. జనగామలో పెద్దవాని కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాస్తూ అదే విధంగా మేలుకుని ఉన్నాడు. భూపాలపల్లిలో మా మరిది నైట్ షిఫ్టుకు వెళ్ళిన రాత్రులలో చెల్లెలి కూతురు దుప్పటి కింద మేలుకుని ఉన్నది. ఆడపిల్ల గదా, ఇటువంటి ఆటలు దానికేం తెలుసునని మేము ఆ వైపు చూడనే లేదు.

ఈద్ అయిన వారానికి అమ్మీజాన్ తన బ్యాంకు పుస్తకంలో లెక్కలు ఎక్కించుకుని వచ్చారు. ఆమెకు నెలనెలా వచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు. అందులో తన మందులకు పోగా మిగిలినది ఉమ్రా కొరకని దాచుకునేవారు. ఖాతా నడిపివాని ఫోనులోని యూపీఐకి కలిపి ఉన్నది. పుస్తకంలో ఎనభై, నూట అరవై, మళ్ళీ ఎనభై, ఒకచోట ఎనిమిది వందలు, ఇలా రెండు పేజీల నిండా చిన్న చిన్న అంకెలు. కూడి చూస్తే పద్నాలుగు వేల పైచిలుకు. మనవడు ఏడ్చి ఒప్పుకున్నాడు. ఆటలోని నాణేలు కొన్నాడు. ఆ నాణేలతో రంగురంగుల దుస్తులు, తుపాకులకు తొడుగులు, తెరిస్తే ఏముంటుందో తెలియని పెట్టెలు. తనకు మాత్రమే కాదు, మిగిలిన ఇద్దరికీ కూడా కానుకలుగా కొని పంపాడు.

నడిపివాడు చేయి ఎత్తాడు. అమ్మీజాన్ అడ్డుపడ్డారు. ఆమె అడిగినది ఒకటే మాట. “ఆ ఇద్దరూ ఎవరు, బేటా?”

పేర్లు విన్న తరువాత ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి మా ముగ్గురికీ ఆమె స్వయంగా ఫోను చేశారు. “మీ పిల్లలు రోజూ కలుసుకుంటున్నారట. మీరెప్పుడు కలుసుకుంటారు?” అన్నారు. ఏప్రిల్ నెలాఖరు శుక్రవారం నాడు జనగామ నుండి పెద్దవాడు కాజీపేట, వరంగల్ మీదుగా రైలులో వచ్చాడు. భూపాలపల్లికి రైలు లేదు. చెల్లెలు పరకాల మీదుగా హనుమకొండకు బస్సులో వచ్చి, వరంగల్‌లో రైలెక్కి మానుకోట చేరుకున్నది. ఆ వారంలోనే ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పెద్దవాని కొడుకు రెండు సబ్జెక్టులు తప్పాడు. అటువంటి మనసులతో మేము ఆ వాకిట్లో ఎదురుబడ్డాం.

పెద్దలం సలాం చెప్పుకోవడానికే తడబడుతూ ఉండగా, పిల్లలు ముగ్గురూ నిన్ననే విడిపోయినవారివలె పలకరించుకున్నారు. చెల్లెలి కూతురు జనగామ పిల్లవాణ్ణి చూస్తూనే, “భాయి, ముమానీ ఇప్పుడు మెట్లు ఎక్కుతున్నారా?” అని అడిగింది. చెల్లెలు తెల్లబోయింది. తన వదినకు మోకాలి ఆపరేషన్ జరిగిన సంగతే ఆమెకు తెలియదు. కూతురికి ఆరు నెలలుగా తెలుసు. నడిపివాని దుకాణంలో సరుకు మునిగి నష్టం వచ్చిన సంగతి జనగామ పిల్లవానికి తెలుసు. భూపాలపల్లి ఇంటికి కొత్త కప్పు వేసిన సంగతి మానుకోట పిల్లవానికి తెలుసు. తుపాకులు పట్టుకుని ఆ దీవి మీద పరుగెత్తుతూ, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో వారు మాట్లాడుకున్నవి మా ఇళ్ళ సంగతులు. మేము తెంచిన బంధుత్వాన్ని వారు అక్కడ, ఆ చోటు కాని చోటులో, నిలుపుకుంటూ వచ్చారు.

ఇది విని ‘అయితే ఆట మంచిదే కదా’ అని ఎవరైనా అనుకుంటే అది తొందరపాటు. ఒక పిల్లవాడు పరీక్ష తప్పాడు. ఒకడు దాదీమా సొమ్ము తీశాడు. ఆడపిల్ల నిద్రలేక కళ్ళ కింద నల్లబడి ఉన్నది. జట్టులో నాలుగో మనిషి ఎవరో ఏ ఊరివాడో తెలియని అపరిచితుడు. మంచి అవసరం ఒకటి చెడ్డ గాలానికి ఎరగా మారిందని మేము గ్రహించాం. గాలం ఎలా పని చేస్తుందో తెలియకుండా ఎరను మాత్రమే తిట్టి లాభం లేదు గనుక, పెద్దవాడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. పిల్లల అనుమతితోనే ఆ నాలుగో స్థానంలో తాను కూర్చున్నాడు.

మొదటి సాయంత్రం అతనికి తుపాకీ పట్టడమే రాలేదు. అయినా ఇద్దరిని పడగొట్టాడు. ఎంతో ఉప్పొంగిపోయాడు. తరువాత పిల్లలు నవ్వుతూ చెప్పారు: అవి మనుషులు కావు, కొత్తగా చేరినవారికి మొదట కంప్యూటరు నడిపే బొమ్మలనే ఎదురుగా పంపుతారట. చాలా మొబైల్ ఆటలలో ఉన్న ఏర్పాటే ఇది. రెండవ సాయంత్రం బొమ్మలు తగ్గి, తన స్థాయివారే ఎదురుకాసాగారు. ఒకటి ఓడితే ఒకటి గెలిచేటట్టు, ఎప్పుడూ ‘కొద్దిలో తప్పింది’ అనిపించేటట్టు పోటీ కుదిరింది. మూడవ సాయంత్రం ఇషా అజాన్ వినిపించింది. దీవి మీద మూడు జట్లు మిగిలి ఉన్నాయి. యాభై ఏళ్ళ వయసు, ముప్పయ్యేళ్ళుగా జమాఅత్ తప్పని మనిషి. ‘ఒక్క నిమిషం’ అనుకున్నాడు. లేచి చూసేసరికి మస్జిదు నుండి జనం తిరిగి వస్తున్నారు. ఆ రాత్రి అతడు పిల్లలను ఏమీ అనలేదు. మా ఇద్దరినీ డాబా మీదికి పిలిచి, “వారిని సోమరులని తిట్టే నోరు నాకు ఇక లేదు” అన్నాడు.

ఆ మూడు సాయంత్రాలలో, ఆ తరువాత చదివి, అడిగి మేము తెలుసుకున్నవి ఇక్కడ చెప్పుకుంటాం. ఈ ఆటలలో పిల్లలను కట్టిపడేసే ముడులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

మొదటి ముడి తోటివాడు. ఒంటరిగా ఆడే ఆటను ఎప్పుడంటే అప్పుడు ఆపవచ్చు. నలుగురి జట్టులో నడుమ లేచిపోతే మిగిలిన ముగ్గురూ ఓడతారు. చాలా ఆటలలో అలా లేచిపోయినవానికి శిక్ష కూడా ఉంటుంది. ‘ఫోను పక్కన పెట్టు’ అని మనం కేక వేసినప్పుడు పిల్లవాని చెవికి అది ‘నీ వాళ్ళను వదిలి పారిపో’ అన్నట్టు వినిపిస్తుంది. మాట నిలుపుకోవాలని, తోటివాణ్ణి ఆపదలో వదలరాదని మనం నేర్పిన గుణమే అక్కడ సంకెల అవుతున్నది.

రెండవది ముగింపు లేకపోవడం. మా చిన్నతనంలో మేము కూడా ఆడాం. చిర్రగోనె, గోటీలు, కబడ్డీ. వెలుతురు తగ్గేది. మగ్రిబ్ అజాన్ వినిపించేది. ఎవరు గెలుస్తున్నా ఆట అక్కడితో ఆగేది. ఓడినవాడు మరునాటి వరకు ఓడినవాడే. ఈ కొత్త మైదానానికి మగ్రిబ్ లేదు. ఓడిన పది క్షణాలలో ‘మళ్ళీ’ అన్న మీట తెర మీద వెలుగుతుంది. ఓటమి చేదు నాలుక మీద ఉండగానే మరో ఆట మొదలవుతుంది. ఎక్కడో ఒక దేశంలో ఎప్పుడూ పగలే గనుక ఎదుట ఆడేవారికి కొదువ లేదు.

మూడవది అనిశ్చితమైన కానుక. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడే పావురం, గింజలు ఆగిపోగానే త్వరలో పొడవడం మానేస్తుంది. ఎన్ని పోట్లకు ఒక గింజ పడుతుందో తెలియని పావురం మాత్రం గింజలు ఆగిపోయిన తరువాత కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. తెరిస్తే ఏముంటుందో తెలియని ఆ రంగుపెట్టె సరిగ్గా ఇదే. బెల్జియం ప్రభుత్వ సంస్థ 2018లో కొన్ని ఆటలలోని ఇటువంటి పెట్టెలను జూదం కిందికి వచ్చేవిగా నిర్ణయించింది. మన దృష్టిలో దీని ధర్మనిర్ణయం ఉలమా చేయవలసినది. అయితే డబ్బు ముందుగా ఇచ్చి, ఏమి దొరుకుతుందో అదృష్టానికి వదిలే పని ఏ పనికి చుట్టమో గుర్తుపట్టడానికి పెద్ద చదువు అవసరం లేదు. మద్యాన్నీ జూదాన్నీ ఖుర్ఆన్ ఒకేచోట ప్రస్తావించి ఎందుకు నిషేధించిందో పిల్లలకు వివరించడానికి ఆ పావురం కథ మాకు బాగా ఉపయోగపడింది.

నాలుగవది రోజువారీ బాకీ. ప్రతిరోజూ వచ్చి ముఖం చూపితే ఒక చిన్న కానుక. ఏడు రోజులు వరుసగా వస్తే పెద్ద కానుక. ఒక్కరోజు తప్పితే లెక్క మళ్ళీ మొదటికి. ఇది మన బజారులలోని గిరిగిరి వసూలు వంటిది. తేడా ఒకటే, ఇక్కడ బాకీదారు పిల్లవాడు, తాను అప్పు తీసుకోనే లేదు. దీనికి తోడు కొన్ని వారాలకొకసారి ‘సీజన్’ ముగిసి, కష్టపడి ఎక్కిన మెట్టు నుండి కిందికి దించుతారు. మళ్ళీ ఎక్కాలి.

ఐదవది గుర్తింపు. పలువురు కలిసి కంప్యూటరు మీద ఆడే ఆటల చరిత్ర మనం అనుకున్నంత కొత్తది కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ అనే ఆటను తయారు చేశారు. అందులో బొమ్మలు లేవు, అక్షరాలే. ఆడేవారిని ఏళ్ళ తరబడి గమనించిన బార్టిల్ 1996లో వారిని నాలుగు రకాలుగా విభజించి ఒక వ్యాసం రాశాడు. మెట్లెక్కి గొప్ప అనిపించుకోవాలనేవారు, కొత్త చోట్లు వెదికేవారు, మాటకు మనిషి కోసం వచ్చేవారు, ఎదుటివాణ్ణి ఓడించడమే ఆనందమైనవారు. మా ముగ్గురు పిల్లలను ఆ కొలతతో చూస్తే మాకే ఆశ్చర్యం కలిగింది. జనగామ పిల్లవాడు మెట్ల కోసం ఆడేవాడు. తరగతిలో వెనుక బెంచీవాడు, అక్కడ జట్టు నాయకుడు. ఉపాధ్యాయుని కొడుకు గనుక ఇంట్లో అతనికి మార్కుల మాట తప్ప మరొక మాట వినిపించేది కాదు. మానుకోట పిల్లవాడు ఇచ్చేవాడు. కానుకలు పంపి తనవాళ్ళను నిలుపుకోవాలని అతని తాపత్రయం. చెల్లెలి కూతురు మాట కోసం వచ్చేది. ఒకే ఆట మూడు ఇళ్ళలోని మూడు వేర్వేరు లోటులను కనిపెట్టి, మూడింటికీ సరిపడే గాలం వేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో ‘గేమింగ్ డిజార్డర్’ను చేర్చింది. 2019 మేలో ఆమోదం పొందిన ఆ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడే ప్రతి పిల్లవాడూ రోగి అని దాని అర్థం కాదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం జరుగుతున్నదని తెలిసినా మానలేకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఏడాది కాలంపాటు కనిపిస్తేనే దానిని రుగ్మతగా పరిగణిస్తారు. ఈ కొలత మాకు చాలా మేలు చేసింది. మా ముగ్గురు పిల్లలలో ఇద్దరికి అది సరిపోలేదు. ఒకరికి సరిపోయింది.

దేశాలు కూడా ఈ బాధతో పెనుగులాడుతున్నాయి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ళలోపు పిల్లలకు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ ఆటలను మూసివేస్తూ చట్టం చేసి, పదేళ్ళ తరువాత దానిని ఎత్తివేసింది. చైనా 2021లో పద్దెనిమిదేళ్ళ లోపువారికి శుక్ర, శని, ఆదివారాలలోనూ సెలవు రోజులలోనూ రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకు ఒక్క గంట మాత్రమే అనుమతించింది. మన తెలంగాణ 2017లోనే పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయితే పాఠకులు ఒక సంగతి గమనించాలి. పందెం లేని ఆటలు ఈ నిషేధం కిందికి రావు. మా పిల్లలు ఆడినది కూడా ఆ కోవకు చెందినదే. పైగా మా పిల్లలు ఆటలో నమోదు చేసిన పుట్టిన తేదీలు మావి. చట్టం వాకిలి వరకే వస్తుంది. లోపలి గదిలో జరిగేది ఇంటివారే చూసుకోవాలి.

ఇక మేము చేసినదేమిటో దాపరికం లేకుండా చెబుతాం. మొదట మా పని మేము చేసుకున్నాం. ఆ వేసవిలోనే ఇంటి లెక్క తేల్చి, అమ్మీజాన్‌కు ఎనిమిదో భాగం, మిగిలిన దానిలో అన్నలకు రెండేసి పాళ్ళు, చెల్లెలికి ఒక పాలు కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. నెలకొక ఆదివారం మానుకోటలో కలవాలని నిర్ణయించుకున్నాం. తప్పిన నెలలు ఉన్నాయి, ఎక్కువ నెలలు తప్పలేదు.

పిల్లల విషయంలో ఫోన్లు లాక్కోలేదు. ఆట నడుమ గుంజుకోవడం మానేశాం. ఎన్ని ఆటలో ముందుగా చెప్పుకుని, ఆ చివరి ఆట ముగిసే వరకు మేము ఆగుతాం. గడియారం ప్రకారం కాక ఆటల లెక్కన ఒప్పందం చేసుకుంటే జట్టును వదిలివచ్చిన అపరాధం పిల్లలకు ఉండదు. అజాన్‌కు ముందు మొదలుపెట్టిన ఆట అజాన్ వరకు సాగకుండా చూసుకునే బాధ్యత వారికే అప్పగించాం. అపరిచితులతో జట్టు కట్టరాదని నిబంధన పెట్టుకున్నాం. రాత్రి పది దాటితే ఇంటిల్లిపాది ఫోన్లూ ముందుగదిలోని అలమారాలో ఉంటాయి. ఈ నియమం పాటించడం పిల్లలకంటే మాకే కష్టమైంది. యూపీఐ రహస్య సంఖ్య మార్చాం. అమ్మీజాన్ సొమ్మును మనవడు నాలుగు నెలలు సాయంత్రాలు దుకాణంలో బస్తాల లెక్క రాసి, కూలి కింద జమ చేసి తీర్చాడు. చివరి విడత ఇచ్చిన రోజున ఆమె ఆ నోట్లను లెక్కపెట్టలేదు, వాడి ముందే జానమాజ్ కింద పెట్టుకున్నారు.

ఇద్దరు పిల్లలు నెల రెండు నెలలలో తేరుకున్నారు. చెల్లెలి కూతురికి ఆటతో పనే లేకపోయింది. భాయిలతో మాట్లాడాలంటే ఇప్పుడు నేరుగా ఫోను చేస్తుంది. జనగామ పిల్లవాని సంగతి అలా జరగలేదు. బంధువులు కలిసినా, మేము మందలించడం మానినా, అతడు తెల్లవారుజామున లేచి బాత్రూములో కూర్చుని ఆడేవాడు. ఫోను దాస్తే చేతులు వణికేవి, అన్నం తినేవాడు కాదు. ప్రేమ చూపితే చాలునని మేము అనుకున్నది అక్కడ సరిపోలేదు. సిగ్గు వదిలి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు, 14416 నంబరుకు, ఫోను చేశాం. వారి సలహా మీద వరంగల్‌లో మానసిక వైద్యుణ్ణి కలిశాం. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇటువంటివారి కొరకు ప్రత్యేక క్లినిక్కు ఉన్నదని కూడా అప్పుడే తెలుసుకున్నాం. వైద్యుడు పెద్దవాణ్ణి ఒక మాట అడిగాడు: “మార్కులు తప్ప మీ వాని గురించి మీకు తెలిసినవి ఐదు చెప్పండి.” పెద్దవాడు మూడు దగ్గర ఆగిపోయాడు.

ఏడాదికి దగ్గరగా పట్టింది. నడుమ రెండుసార్లు జారాడు. మొదటిసారి మేము కుంగిపోయాం, రెండవసారి వైద్యుడు ముందే హెచ్చరించి ఉన్నందువలన నిలబడ్డాం. తప్పిన సబ్జెక్టులు సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు అస్ర్ నమాజు తరువాత మస్జిదు వెనుక మైదానంలో చిన్న పిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నాడు. జట్టు నాయకుడు కావాలన్న అతని కోరికకు అక్కడ చోటు దొరికింది. పూర్తిగా నయమైందని మేము చెప్పలేం. నిన్నటికంటే నేడు మేలు అని మాత్రం అల్లాహ్‌కు కృతజ్ఞతతో చెప్పగలం.

మన పిల్లల ఆయుష్షులోంచి గంటలు రాలిపోతున్నాయి. కాలం మీద ప్రమాణంతో మొదలయ్యే సూరా అల్ అస్ర్ మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ చిన్న సూరాలోనే, నష్టం నుండి బయటపడే దారి ఒక్కడు ఒంటరిగా నడిచేది కాదని, ఒకరికొకరు చెప్పుకోవలసినదని ఉన్నది. మేము మా పిల్లలకు కాలం విలువ గురించి ఎన్నో చెప్పాం. ఒకరికొకరు చెప్పుకోవడం మాత్రం మానేశాం. ఆ వెలితిలోకి ఆట వచ్చి కూర్చున్నది.

పోయిన నెల ఆదివారం మానుకోటలో కలిసినప్పుడు ముగ్గురు పిల్లలూ గదిలో చేరి ఒక ఆట ఆడుకుంటామని అడిగారు. ఒకటే అన్నారు, సరేనన్నాం. నాలుగో స్థానం ఖాళీగా ఉన్నది. అమ్మీజాన్ వెళ్ళి వారి పక్కన కూర్చున్నారు. ఆమెకు ఆడడం రాదు. “ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు” అని మాటిమాటికీ అడుగుతూ, తస్బీహ్ తిప్పుకుంటూ చివరి వరకు చూశారు. ఆట ముగిసేసరికి మగ్రిబ్‌కు ఇంకా పది నిమిషాలు ఉన్నది. పిల్లలు లేచి వుజూకు వెళ్ళారు.

మీ ఇంటి పిల్లవాని చేతిలోంచి ఫోను తీసుకునే ముందు, ఈ రాత్రి ఒక్కసారి పక్కన కూర్చుని, అతడు ఎవరితో ఆడుతున్నాడో అడిగి చూడండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు. మాకూ నచ్చలేదు. అల్లాహ్ మన పిల్లలను, వారికంటే ముందు మనలను, నష్టపోయేవారిలో చేర్చకుండుగాక. ఆమీన్.